మూల చూడనిదే మాట చెప్పని డాక్టరమ్మ

ఇందులో ప్రతి అక్షరమూ నిజం. మా దుకాణంలో ఇంకా మడత విప్పని కొత్త టార్పాలిన్ పట్టా మీద కుడిచెయ్యి వేసి, ఎడమచెయ్యి గుండెల మీద పెట్టుకుని మరీ ప్రమాణం చేస్తున్నాను. రాయడం మొదలుపెట్టే ముందు ఇలా ఒట్టు వేయాల్సిన ఖర్మ ఇంకొకరికి ఉండకపోవచ్చు. నాకుంది. తిరువూరు బజారులో నేను పదడుగుల పాము అంటే జనం రెండడుగులని వింటారు. పామే లేదని మా బావమరిది అంటాడు. తుఫానులో మా పట్టా కప్పిన ధాన్యం రాశి పక్కన పొదుగుతున్న కోడి కూడా తడవలేదని ఒకసారి చెప్పాను. కోడి సంగతి అబద్ధమేగానీ పట్టా మంచిదే. ఇవాళ చెప్పబోయే మనిషి విషయంలో మాత్రం కోళ్ళూ పాములూ లేవు. ఆమెను గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పినా కల్పనలాగే ఉంటుంది.

పోయిన వారం విత్తనాల షాపు యజమాని రోడ్డుకి అడ్డంపడి నన్ను ఆపాడు.

"డాక్టరమ్మగారు పోయారంటండీ."

"ఎవరు చెప్పారు?"

"మార్తమ్మ ఫోన్ చేసింది. రెండేళ్ళ కిందట ఒంట్లో బాగాలేదని డాక్టరమ్మ వాళ్ళ చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోలా? అక్కడేనంట. నేనేమో ఆవిడ ఆసుపత్రి పెట్టుకున్న మా పై గది సెల్‌ఫోన్ల రిపేరు వాళ్ళకి ఇద్దామని తలుపు తీశా. కిటికీలకి అంటించిన నల్లకాగితం ఊడి చావట్లేదండీ. ఏం జిగురు పెట్టిందో మహాతల్లి, మావాళ్ళ గోళ్ళు అరిగిపోతున్నాయి!"

నేను మేడ ఎక్కి చూశాను. ఒక కిటికీకి సగం కాగితం గోకేశారు. అంతమేరకు లోపల ఎండ పడుతోంది. ఆ గదిలో ఎండ చూడటం నాకదే మొదలు. నలుగురూ ఉండగా పైట జారినట్టు గది సిగ్గుపడుతోందనిపించింది. కిందికి వచ్చేశాను.

డాక్టరమ్మ నాలుగున్నర అడుగుల మనిషి. కన్ను చూసే యంత్రం ముందు కూర్చోవాలంటే స్టూలు మీద దిండు, దిండు మీద ఇంకో దిండు వేసుకోవాలి. కంటి డాక్టర్లు ఎంతోమంది ఉంటారు. చీకటి మీద అంత భక్తి ఉన్న కంటి డాక్టరు ఇంకొకరున్నారంటే నేను నమ్మను. కిటికీలకి నల్లకాగితం, తలుపు కింద సందులోకి పాత చీర, స్విచ్‌బోర్డు మీద వెలిగే ఎర్రచుక్కకి ప్లాస్టరు ముక్క. గోడగడియారం ముళ్ళు చీకట్లో మెరుస్తున్నాయని దాన్ని వరండాలోకి వెళ్ళగొట్టింది. అప్పట్నించి ఆ గదిలో టైము కూడా ఉండేది కాదు. ఊళ్ళో ఆమెకు 'చీకటి డాక్టరమ్మ' అని పేరు. ఆ పేరు ఆమెకు తెలుసు. "మంచిదేగా, అడ్రసు చెప్పే పని లేదు," అనేది.

గది బయట కాపలా మార్తమ్మ. యాభై దాటిన మనిషి, ఆదివారం చర్చిలో పాడే గొంతు. మిగతా ఆరు రోజులూ ఆ గొంతుతోనే బెంచీ మీద వాళ్ళను అదిలించేది. లోపల చూపు పరీక్ష జరుగుతుండగా తలుపు మీద చెయ్యి వేశావో, అయిపోయావు.

"ఒక్క మాట అడిగి వచ్చేస్తానమ్మా," అని బతిమాలాడొకాయన, నేను విన్నాను.

"మా పాస్టరుగారినే ముప్పావుగంట కూర్చోబెట్టానయ్యా. నువ్వెంత? కూర్చో."

ఇంత చీకటి దేనికని ఎవరైనా అడిగితే డాక్టరమ్మ చెప్పే జవాబు ఒకటే.

"కంటికి మొహమాటం ఎక్కువండీ. వెలుతురు పడితే చాలు, పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకులా బుద్ధిగా కూర్చుంటుంది. మూలలన్నీ తెరిచి చూపిస్తుంది. దాని అసలు బుద్ధి చీకట్లోనే తెలుస్తుంది."

ఓసారి ఒక పత్తి వ్యాపారి యంత్రానికి గడ్డం ఆనించి ఉండగా ఆయన చొక్కా జేబులో ఫోను వెలిగింది. డాక్టరమ్మ కంటికి ఆనించబోతున్న బుల్లి అద్దం తీసి పక్కన పెట్టేసింది.

"ఎవరిదండీ ఆ వెలుతురు?"

"నాదేనండీ. మా బావ."

"మీ బావగారి పుణ్యాన మీ కన్ను నాటకం మొదలుపెట్టింది. అలిసిపోయిందాకా కూర్చుందాం."

ఆ చీకట్లో ఇద్దరూ కదలకుండా కూర్చున్నారు. వ్యాపారి బయటికి వచ్చి, "అమ్మో, మా నాన్న పోయినప్పుడు కూడా అంతసేపు మాట్లాడకుండా లేనయ్యా," అన్నాడు నాతో.

ఆమె చూసేది ఏమిటో చెప్పాలి. రెడ్డిగూడెం నుంచి వచ్చిన ఒక ముసలి రైతుకి ఆమె చెప్పగా విన్నాను. అంతకంటే బాగా చెప్పడం నాకు రాదు.

"తాతా, మీ పొలంలో నీళ్ళు ఎక్కువైతే ఎటు పోతాయి?"

"తూములోంచి పోతయ్యమ్మా."

"తూముకి అడ్డంగా గోనెసంచి పడితే?"

"గట్టు తెగుద్ది."

"కంటిలో కూడా నీళ్ళు ఊరుతుంటాయి, పోతుంటాయి. పోయే తూము ఇదిగో, నల్లగుడ్డు అంచున, మూలలో ఉంటుంది. లోపలి రంగు పొర ముందుకి ఉబ్బి ఆ మూలకి అడ్డంపడితే నీళ్ళు నిలిచిపోతాయి. కంటికి గట్టు తెగదు తాతా. తెగితే నయం, తెలిసేది. గట్టు తెగక, వెనకనున్న చూపు నరం నలిగి చస్తుంది. నీటికాసులంటారే, గ్లకోమా, అది ఇట్లా కూడా వస్తుంది."

ఆ మూల ఎదురుగా చూస్తే కనిపించదట. ఎంత పెద్ద యంత్రం పెట్టినా కనిపించదట. వీధిలో నిలబడి ఇంటి చూరు లోపలి మూల చూడాలంటే ఎలాగో అలాగట. అందుకని ఆమె దగ్గర బొటనవేలి గోరంత అద్దం ఉండేది. దాని లోపల నాలుగు వైపులా నాలుగు బుల్లి అద్దాలు. మందుచుక్క వేసి కన్ను మొద్దుబారాక దాన్ని కనుగుడ్డుకే ఆనించేది. పై అద్దంలో కింది మూల, కింది అద్దంలో పై మూల కనిపిస్తాయి. "గడ్డం ఇక్కడ, నుదురు అక్కడ, ఊపిరి మాత్రం మీ ఇష్టం," అనేది ప్రతివాళ్ళతోనూ. చెయ్యి వణక్కుండా మోచేతి కింద ఒక బిస్కెట్ల డబ్బా పెట్టుకునేది. అందులో ఏవో ఖరీదైన పనిముట్లు ఉంటాయని ఊరంతా అనుకునేది. మరమరాలుండేవి. మధ్యాహ్నం అవి తినేసేది. తేలికైపోయిన డబ్బా జారుతుందని సాయంత్రానికి మార్తమ్మ మళ్ళీ నింపేది.

వేరేచోట కంటిలో నీటి ఒత్తిడి కొలిచి, అంకె బాగుంటే పంపేస్తారు. ఈమె కూడా కొలిచేది. కొలిచి, "అంకె ఈ గంటది. మూల జీవితానిది. మూల చూడనిదే నేను మాట చెప్పను," అనేది. చూశాక అట్టపుస్తకంలో ఒక సున్నా గీసి, దాన్ని నాలుగు భాగాలు చేసి, ఏ భాగంలో మూల తెరిచి ఉందో, ఎక్కడ మూసుకుపోయిందో పెన్సిలుతో నింపేది. ఒక్కో మనిషికి రెండు సున్నాలు.

మనుషుల పేర్లు ఆమెకు గుర్తుండేవి కావు. మొహాలు అసలే కాదు. కూరగాయల మార్కెట్లో ఒకాయన దండం పెడితే ఎవరో తెలియక తెల్లమొహం వేసింది. తరవాత సంచిలోంచి చిన్న టార్చి తీసి, ఆయన చెవి పక్కనుంచి కంటి మీదికి అడ్డంగా వెలుగు వేసి, ముక్కువైపు నీడ పడిందా లేదా అని వంగి చూసింది. "ఆఁ, మీరా! విస్సన్నపేట టీచరుగారు. కుడికన్ను పైభాగం. చుక్కలు మానలేదు కదా?" ఆయన చేతిలో వంకాయలు అలాగే ఉన్నాయి. ఇది నేను కళ్ళారా చూశాను. పెళ్ళి భోజనాల్లో ఆమె పక్క కూర్చోవడానికి భయపడేవాళ్ళున్నారు. పప్పు వడ్డించేలోపు నీకు జబ్బుందో లేదో చెప్పేస్తుందని.

ఇక నా కన్ను కథ.

మూడేళ్ళపాటు నాకు సాయంత్రాలు తలనొప్పి వచ్చేది. కనుబొమ్మ మీద మేకు దిగినట్టు. చూపు పొగమంచులా అయ్యేది, వీధిదీపం చుట్టూ రంగురంగుల గుండ్రాలు కనిపించేవి. తిని పడుకుంటే తెల్లారేసరికి ఏమీ ఉండేది కాదు. మా ఆవిడతో చెప్పాను. నా మాట తిరువూరులో చెల్లదని ముందే మనవి చేశాను, ఇంట్లో మాత్రం చెల్లుతుందా?

"దీపం చుట్టూ ఇంద్రధనుస్సా? ఇంకా నయం, దాని మీద ఎవరో ఉయ్యాల ఊగుతున్నారనలేదు!" అంది.

ఇంకోరోజు చెబితే, "సాయంత్రం విజయవాడ బస్సుకి దిగి, పొద్దున మొదటి బస్సుకి వెళ్ళిపోతోందా ఆ తలనొప్పి? టికెట్టు ఎవరు కొంటున్నారో!" అంది.

ఆ మాట నలుగురికీ చెప్పుకుని నవ్వుకున్నాం కూడా. మధ్యలో ఒకసారి కంటి శిబిరం పెడితే వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం, షామియానా కింద, ఫెళ్ళున కాస్తున్న ఎండ. ఒత్తిడి కొలిచారు, బాగుంది. తలనొప్పికి మాత్రలిచ్చారు. "చూశారా!" అంది మా ఆవిడ.

మామిడికాయలు దిగే రోజులు. లారీల మీద కప్పడానికి పట్టాలు తెగ అమ్ముడుపోయే కాలం. ఒక సాయంత్రం ఇద్దరం బెండ విత్తనాలకని డాక్టరమ్మ గది కిందనున్న ఆ షాపుకి వెళ్ళాం. వీధిదీపాలు అప్పుడే వెలిగాయి. డాక్టరమ్మ మెట్లు దిగుతూ ఆగింది. నేను నుదురు పట్టుకుని, ఒక కన్ను మూసి దీపంకేసి చూస్తున్నాను. సంచిలోంచి టార్చి తీసింది. చెవి పక్కనుంచి వెలుగు వేసింది. కుడివైపు ఒకసారి, ఎడమవైపు రెండుసార్లు.

"పైకి రండి," అంది.

"రేపొస్తామండీ, దుకాణం తెరిచి పెట్టి వచ్చాం," అన్నాం.

"ఇప్పుడే. నొప్పి ఉన్నప్పుడే రావాలి. మార్తా, తలుపు తియ్యి."

ఆ చీకట్లో మా ఆవిడని పక్కన స్టూలు మీద కూర్చోబెట్టింది. నా గడ్డం యంత్రం మీద. చుక్క మందు, చల్లగా. డాక్టరమ్మ ఊపిరి కూడా వినిపించనంత నిశ్శబ్దం. సన్నటి వెలుగు గీత ఒకటి, దారమంత, అదీ కంటిపాప మీద పడకుండా అంచునే తిప్పుతోంది. అద్దం ఆనించి చాలాసేపు చూసింది. ఊఁ అంది. ఇంకా చూసింది. ఆ 'ఊఁ' ఎందుకో నాకు నచ్చలేదు.

"మీరు కూడా చూడండి," అంది మా ఆవిడతో. ఆ యంత్రానికి పక్కవాళ్ళు చూడటానికి ఇంకో గొట్టం ఉంటుంది.

ఆ గొట్టంలోంచి కనిపించినది ఏమిటంటే: ముందు గోధుమరంగు నేల. దుక్కి దున్నినట్టు చాళ్ళు చాళ్ళుగా. మనిషి కంటిలో అంత నేల ఉంటుందని ఎవరు అనుకుంటారు! ఆ నేల పోనుపోను పైకి లేచి గుట్టలా ఉబ్బింది. గుట్ట అవతల ఏముందో కనబడదు. ఆకాశం లేదు. గుట్టే వెళ్ళి అవతలి గోడకి ఆనుకుంది.

"అక్కడ కనబడాలి తూము," అంది డాక్టరమ్మ మెల్లగా. "కనబడట్లేదు కదా? ఇప్పుడు అద్దంతో కొంచెం నొక్కుతాను. లోపలి నీళ్ళు పక్కకి జరిగి ఆ పొరని వెనక్కి తోస్తాయి. ఊరికే ఆనుకుని ఉంటే తెరుచుకుంటుంది. అతుక్కుపోయి ఉంటే తెరుచుకోదు. తెరుచుకున్నంత మేరే నా చేతిలో ఉన్నట్టు."

నొక్కింది. గుట్ట నెమ్మదిగా వెనక్కి ఒరిగింది. ఒరుగుతుంటే దాని వెనకనుంచి సన్నటి గీత బయటికి వచ్చింది. బూడిదరంగు, దాని పక్కన ఇంకొంచెం ముదురు గీత, దాని పక్కన తెల్లగా మెరిసే అంచు. తెల్లవారుజామున కొండ వెనక వెలుగు చారలాగా. అంత చిన్న జాగాలో, పేనుగుడ్డు పట్టని జాగాలో, ఎవరు కట్టారో ఆ తూము! అలా కుడికన్ను నాలుగు వైపులా తెరుచుకుంది. డాక్టరమ్మ ప్రతి వైపుకీ ఒకసారి, "హమ్మయ్య," అనుకుంది. నాలుగు హమ్మయ్యలు లెక్కపెట్టాను.

ఎడమకన్నుకి ఒకటే హమ్మయ్య వచ్చింది. మిగతా మూడువైపులా నొక్కింది. ఇంకాస్త నొక్కింది. గుట్ట కదల్లేదు.

"ఎన్నాళ్ళుగా చెబుతున్నారు ఈ నొప్పి సంగతి?"

"మూడేళ్ళుగా," అంది మా ఆవిడ.

"అప్పుడే ఎందుకు తీసుకురాలేదు?"

దానికి ఆ చీకట్లో జవాబు లేదు. డాక్టరమ్మ కూడా రెట్టించి అడగలేదు. లైటు వేసి, అట్టపుస్తకంలో రెండు సున్నాలు గీసి, కుడి సున్నా తెల్లగా వదిలి, ఎడమ సున్నాలో మూడుపాళ్ళు నలుపు నింపింది. పెన్సిలు నెమ్మదిగా తిప్పింది, ముగ్గు దిద్దుతున్నంత శ్రద్ధగా.

ఆ పొరకి లేజరుతో సూదిమొనంత చిల్లు పెట్టాలంది. నీళ్ళు ఆ చిల్లులోంచి దారి చూసుకుంటే గుట్ట చదునవుతుందట. ఆ యంత్రం విజయవాడలో, ఆమె వారానికి రెండు రోజులు వెళ్ళే పెద్దాసుపత్రిలో ఉంది.

"మామిడి సీజను అయిపోగానే వస్తామండీ."

"మామిడి ఏటా కాస్తుంది," అంది డాక్టరమ్మ. "చూపు నరం మళ్ళీ కాయదు. రేపు ఆరు గంటల బస్సుకి నేనూ వస్తున్నాను. మీకు సీటు ఆపుతాను."

ఆపింది. తన చేతిసంచి రెండు సీట్ల మీద అడ్డంగా పెట్టి, కూర్చోబోయిన ఒక కానిస్టేబులుతో పోట్లాడుతూ నిలబడి ఉంది. అంత పొట్టి మనిషి బస్సులో నిలబడితే తల మాత్రమే కనిపించింది. అదీ సీటు వెనకనుంచి. "ఇక్కడ పేషెంటు కూర్చోవాలి, మీరు దేశాన్ని నిలబడి కాపాడండి," అంటోంది.

ఆ రోజే రెండు కళ్ళకీ చిల్లులు పెట్టింది. టప్పు టప్పుమని రెండు చప్పుళ్ళు, అంతే. వారం తరవాత మళ్ళీ చీకట్లో కూర్చోబెట్టి నాలుగు అద్దాల్లోనూ చూసింది. కుడికంట్లో గుట్ట చదునైపోయింది. నొక్కకుండానే తూము కనిపిస్తోందట. అది చూసి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఎన్ని వేల కళ్ళు చూసి ఉంటుందో! ఒక మూల తెరుచుకుంటే ఇంకా చప్పట్లు కొట్టే మనిషి. ఎడమకన్ను దగ్గర కొట్టలేదు. ఉన్నదాన్ని నిలబెట్టుకుందాం, చుక్కలు మానొద్దు అంది. పోయిన చూపు రాదని కూడా దాచకుండా చెప్పింది. ఇప్పుడు ఎడమకంటికి వెలుగూ నీడా తెలుస్తాయి. మనుషులు తెలియరు.

ఇక ఒట్టు సంగతి. పట్టా మీద చెయ్యి ఇంకా తియ్యలేదు గనక ఒప్పుకోవాలి. నల్లకాగితం, మరమరాల డబ్బా, వంకాయల ఆయన, కానిస్టేబులు, చప్పట్లు, అన్నీ నిజం. నేను కల్పించింది ఒక్కటే. ఆ కన్ను నాది కాదు. నా రెండు కళ్ళూ దివ్యంగా ఉన్నాయి. ఆ సాయంత్రాలు నుదురు పట్టుకున్నది, దీపం చుట్టూ రంగులున్నాయని మూడేళ్ళు చెప్పింది, శిబిరానికి వెళ్ళింది మా ఆవిడ. ఉయ్యాల మాట, బస్సు టికెట్టు మాట నావి. అంత పొగరుబోతు మాటలు పుట్టించడం ఆవిడకి చేతకాదు. ఊరంతా తిరిగి వాటిని చెప్పి నవ్వించిందీ నేనే. తెలివైనవాళ్ళు మధ్యలోనే పట్టేసి ఉంటారు. యంత్రానికి గడ్డం ఆనించినవాడికి తన కంటి మూల ఎలా కనిపిస్తుంది? పక్క గొట్టంలోంచి చూసింది నేను. పాతికేళ్ళు ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాను, ఆ గోధుమరంగు నేల ఆ రోజే చూశాను.

డాక్టరమ్మ, "అప్పుడే ఎందుకు తీసుకురాలేదు?" అని అడిగింది నన్నే. మూడేళ్ళుగా అని జవాబు చెప్పిందీ నేనే. దీనికి మాత్రం జీవితంలో మొదటిసారి నాకు ఒక్క కథా తట్టలేదు. జవాబు లేదని పైన రాశాను, అదీ ఈ అబద్ధంలో భాగమే. జవాబు ఉంది. గడ్డం యంత్రం మీద, కంటిమీద అద్దం, కదలకూడదు గనక పెదవులు మాత్రం కదిపి మా ఆవిడ అంది: "ఆయన రమ్మంటూనే ఉన్నారండీ. నేనే తీరిక లేదన్నాను."

నాకు తెలిసి ఆవిడ ఆడిన అబద్ధం అదొక్కటే. డాక్టరమ్మ చీకట్లోనే నావైపు తిరిగిందని దిండ్ల చప్పుడును బట్టి తెలిసింది. ఆమెకు మనుషుల మొహాలు గుర్తుండవని అంటారు. నా మొహం గుర్తుండిపోయిందని నా అనుమానం. ఆ తరవాత బజారులో ఎక్కడ కనిపించినా టార్చి తియ్యకుండానే నన్ను పట్టేసేది. "ఆవిడకి చుక్కలు వేశారా?" అని అడిగేది. ఇద్దరం కలిసి ఎదురైతే ఆవిడనే అడిగేది, "ఈయన వేస్తున్నారా?" అని. నా మాట మీద నమ్మకం లేక కాబోలు.

ఇప్పుడు బజారుకి వెళితే నేను మా ఆవిడకి ఎడమపక్కన నడుస్తాను. సైకిలొస్తోంది అంటే ఆగుతుంది. గుంట ఉంది అంటే పక్కకి జరుగుతుంది. నిజమేనా అని అడగదు.